తొంభై నాలుగు శాతం వాడకం

గురునాథరావు చొక్కా జేబులో అందరిలా పెన్ను పెట్టుకోడు. కార్డు పెట్టుకుంటాడు. పల్చటి చొక్కాలు కొనుక్కునేది కూడా అందుకే. బంగారు రంగు కార్డు బట్టలోంచి బయటికి కనబడుతూ ఉండాలి. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో సూపర్‌వైజరు. జాలరిపేటలో పుట్టి, డిగ్రీ చదివి, సముద్రానికి వీపు తిప్పి ఫ్యాను కింద కూర్చుని సంపాదించే కొద్దిమందిలో ఒకడు. ఆ సంగతి వాడు మరిచిపోడు, ఇంకొకరిని మరిచిపోనివ్వడు.

ఆ కార్డు మీద లక్షన్నర దాకా గీక్కోవచ్చు. వాడి జీతానికి అందులో పదో వంతు గీకితే ఎక్కువ. అయినా ప్రతి నెలా కార్డు నిండిపోయేది. పేటలో ఎవరింట్లో ఫ్రిజ్జు కొన్నా, ఫోను కొన్నా, పడవ ఇంజనుకి సామాను కొన్నా కార్డుకి ధర తగ్గుతుందని గీకేది గురునాథరావు కార్డే. వాళ్ళు నోట్లు తెచ్చి వాడి చేతిలో పెట్టేవారు. వాడు గడువు తేదీకి ముందే బ్యాంకుకి పైసాతో సహా కట్టేసేవాడు. వడ్డీ అన్న మాట వాడి ఇంటి గుమ్మం తొక్కలేదు. మధ్యలో పడే పాయింట్లు మాత్రం వాడివి. ఆ పాయింట్లకి ఒకసారి చక్రాల సూట్‌కేసు వచ్చింది. ఎలమంచిలి దాటి రైల్లో వెళ్ళని మనిషికి చక్రాల సూట్‌కేసు. అందులో వాడి భార్య మహేశ్వరి పాత దుప్పట్లు కుక్కింది.

డబ్బు కోసం కాదులెండి వాడి తాపత్రయం. షోరూములో నలుగురి మధ్య జేబులోంచి కార్డు తీసి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చాపుతాడే, ఆ క్షణం కోసం.

ఒకనాడు బ్యాంకు వాళ్ళ యాప్‌లో తెలుగులో ఒక ముక్క వచ్చింది. "మీ కార్డు వాడకం 94 శాతం. గమనించగలరు."

డిగ్రీలో యాభై రెండు శాతం దాటని మనిషి. గమనించకుండా ఉంటాడా? టీకొట్టు దగ్గర అందరికీ ఫోను చూపించాడు.

"సూసినావేట్రా? తొంబై నాలుగు. వాడకానికి బేంకోడు మార్కులేసినాడు."

నవ్వకండి. ఆ పేటలో ఆ మాటకి అర్థం అదే. చేపలమ్మే ఆడవాళ్ళకి వాడుక ఇళ్ళని ఉంటాయి. రోజూ తన దగ్గరే కొనే ఇల్లు తన వాడుక. ఎంత వాడుక ఉంటే అంత పరపతి. గురునాథరావు తల్లి వాడుకల మీదే వాడిని చదివించింది. వాడి అత్త, మహేశ్వరి తల్లి సీతాలుకి ఎంవీపీ కాలనీ నిండా వాడుకలే. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి, వాడకం పెరిగిందని బ్యాంకు రాస్తే అది దెప్పిపొడుపని ఎలా తోస్తుంది? వాడకం అంటే నమ్మకం. తొంభై నాలుగు శాతం నమ్మకం. ఇంకో ఆరు శాతం ఎందుకు తగ్గిందా అని రెండ్రోజులు మథనపడ్డాడు కూడా.

"ఇంకో కార్డు ఉండీది కదేటి బావా నీకు?" అని అడిగాడు వాసు. వాసు మహేశ్వరికి చిన్నాన్న కొడుకు, ఐసు ఫ్యాక్టరీలో పని.

"అది ఖాళీగా పడుంటందిరా. వాడకం నేని కార్డు ఇంట్లో ఉంటే పరువు తక్కువ. కిందటేడే రద్దు సేయించీసినాను."

"నీకున్న తెలివి మాకేదీ బావా," అన్నాడు వాసు, టీ గ్లాసులోకి చూస్తూ.

ఈ వైభవం ఇలా సాగుతుండగా సీతాలు మెడ పట్టేసింది. పదహారో ఏట నెత్తికెక్కించుకున్న సత్తు బేసిన్ ఆమె ఇంతవరకూ దించలేదు. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి ఎత్తి చూసి, ఇంక నెత్తిన బరువు పెడితే చెయ్యి పడిపోతుంది, ఆ తర్వాత నన్ను అడగొద్దు అన్నాడు. వేట నిషేధం మొదలైన రోజులవి. రెండు నెలలు పడవలు సముద్రంలోకి పోవు కాబట్టి బేసినూ నేల మీదే ఉంటుంది. జూన్ నడిమికి వేట తెరుస్తారు. అప్పటికి ఏదో ఒక దారి చూడకపోతే సీతాలు చుట్టకుదురు మళ్ళీ నెత్తిన పెట్టుకుంటుంది. డాక్టరు కాదు గదా, ఎవరు చెప్పినా వినదు. ఆమె వెళ్ళకపోతే వాడుకలు పోతాయి.

మహేశ్వరి దారి చూసింది. ఎలమంచిలిలో అర్జునరావు అనే ఆయన ఐసు పెట్టె బిగించిన ట్రాలీ ఆటో అమ్ముతున్నాడు. తల్లి ముందు సీట్లో కూర్చుంటుంది, వెనక చేపలుంటాయి, తను నడుపుతుంది. చీటీ పాడి అడ్వాన్సు ఇచ్చి వచ్చింది. మిగతాది లోను.

"నా పేరు మీద పెట్టు," అన్నాడు గురునాథరావు. "నా స్కోరు సూసి బేంకోళ్ళే ఇంటికొచ్చి ఇత్తారు. నువ్వు సంతకం కూడా పెట్టక్కర్నేదు."

బ్యాంకు వాళ్ళు ఇంటికి రాలేదు. వీళ్ళే పెదవాల్తేరు బ్రాంచికి వెళ్ళారు. లోన్ల సీట్లో పద్మావతి అనే ఆఫీసరు ఉంది. ఆమె కంప్యూటర్లో చూసింది, మళ్ళీ చూసింది.

"గురునాథరావు గారూ, మీ క్రెడిట్ స్కోరు బాగా పడిపోయిందండి. సిస్టం ఒప్పుకోవట్లేదు."

వాడు నవ్వాడు. యంత్రాలు తప్పులు చేస్తాయని తెలిసిన చదువుకున్నవాడి నవ్వు. "మేడమ్, ఒక్క వాయిదా తప్పలేదు నేను. ఒక్క రూపాయి వడ్డీ కట్టలేదు. కావాలంటే వాడకం చూడండి, తొంభై నాలుగు శాతం."

పద్మావతి ముఖంలో జాలి కనబడింది. వాడికి మాత్రం అది గౌరవంలా కనబడింది.

"అదే కదండీ గొడవ," అంది. "మీరు టైముకి కడుతున్నారు, దానికి మార్కులున్నాయి, ఎవరూ తీసేయలేదు. కానీ అది వేరే లెక్క. కార్డు ఇచ్చిన బ్యాంకు నెలకి రెండుసార్లు పైకి, ఈ స్కోరు వేసేవాళ్ళకి వివరాలు పంపుతుంది. ఆ రోజుకి మీ కార్డు మీద ఎంత ఉందో అది పోతుంది. నాలుగు రోజులాగి మీరు మొత్తం కట్టేస్తారని వాళ్ళకేం తెలుసు? వాళ్ళు చూసినప్పుడల్లా మీ కార్డు పీకల దాకా నిండి ఉంది. ఈయనకి చేతిలో పైసా లేదు, కార్డు మీదే బతుకుతున్నాడు అనుకుంటారు."

"నేనా? కార్డు మీద బతుకుతున్నానా?"

"కాగితం మీద అంతే. లిమిట్‌లో మూడో వంతు కూడా దాటకుండా చూసుకోవాలండి, ఎంత తక్కువైతే అంత మంచిది. మీకు ఇంకో కార్డు ఉండేది, మూసేశారు. అది ఖాళీగా ఉన్నా మీ మొత్తం లిమిట్ పెరిగి, ఈ శాతం తగ్గేది. ఇంతకీ ఇన్ని ఫ్రిజ్జులు ఎవరికి కొన్నారండి?"

మహేశ్వరి మొగుడి వైపు తిరిగింది. "సెప్పు మావా. ఎవులికి కొన్నావో మేడమ్‌గారికి సెప్పు."

వాడు చొక్కా జేబు సర్దుకున్నాడు.

పద్మావతి మంచిదే. లోపలికి వెళ్ళి మేనేజరుతో మాట్లాడి వచ్చింది. "ఇదేం చెరగని మచ్చ కాదండి. ఈ రెండు నెలలూ కార్డు దాదాపు ఖాళీగా ఉంచండి. పైకి వెళ్ళే లెక్కలో తక్కువ కనబడితే స్కోరు లేస్తుంది. జూన్ మొదటి వారంలో రండి. మళ్ళీ పెడదాం. ఊరందరికీ గీకడం మాత్రం మానండి. రేపు ఎవడో డబ్బివ్వకపోతే కట్టాల్సింది మీరే."

అర్జునరావుకి ఫోను చేస్తే, వేట తెరిచేదాకా ఆగుతాను, ఆ తర్వాత ఒక్క పూట ఆగను అన్నాడు. ఆయన తప్పేం లేదు. చేపల బండికి గిరాకీ ఉండేదే ఆ వారం.

అలా సీతాలు మెడ మొత్తం అల్లుడి జేబుకి వచ్చి వేలాడింది. ఏమీ చెయ్యనక్కర్లేదు. ఊరికే ఉండాలి. లోకంలో ఇంతకంటే తేలిక పని ఇంకొకటి ఉంటుందా? గురునాథరావుకి ఆ పనే చాతకాలేదు.

మొదటి నెల ఎలాగో లాక్కొచ్చాడు. పేటలో జనం ఊరుకుంటారా? వేట లేదు, పని లేదు, వల బాగు చేసుకుంటూ కూర్చున్న మగాళ్ళకి వాడొక కాలక్షేపం అయ్యాడు.

"ఏటి గురునాదం, కార్డు సచ్చిపోనాదేటి?"

"బేంకోళ్ళు లాక్కున్నారంటగదా?"

"తొంబై నాలుగు మార్కులొచ్చినోడికి సప్లిమెంటరీ రాయమన్నార్రా."

వాడికి నిద్ర పట్టేది కాదు. అత్త మెడ గురించి కాదు. చొక్కా జేబులో కార్డు అలాగే ఉంది, బట్టలోంచి కనబడుతూనే ఉంది, కానీ ఇప్పుడు దాన్ని చూసి ఎవరూ దగ్గరికి రావడం లేదు.

మే నెల చివర్లో రేకుల ఇళ్ళు పెనాల్లా కాలుతున్నాయి. సాయంత్రం టీకొట్టు దగ్గర అందరూ ఉండగా వాసు వచ్చి గురునాథరావు పక్కన చేరాడు.

"బావా, సంటిదానికి ఒళ్ళంతా సెమటకాయలు. రేత్రంతా ఏడుపే. ఏసీ ఒకటి ఎట్టిద్దామనుకుంతన్నాను."

"మంచిది. ఎట్టించు."

"నీ కార్డుంటే ధర తగ్గుద్ది. డబ్బులు వచ్చీ వారం నీ సేతిలో ఎట్టీస్తాను."

"ఇప్పుడొద్దురా. మీ అక్క ఊరుకోదు."

వాసు పెద్దగా నిట్టూర్చి అందరికీ వినబడేలా అన్నాడు. "పోనీలే బావా. అక్కకి బయపడతన్నావని నాకు తెల్దు. తెలిస్తే అడగకపోదును."

వల కుడుతున్నవాళ్ళు తలెత్తారు. అంతే. మనిషి చేత తప్పుడు పని చేయించడానికి ఇంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు. గురునాథరావు లేచి, చొక్కా సర్దుకుని, "బండి తియ్యి" అన్నాడు.

షోరూములో రెండు వేళ్ళ మధ్య కార్డు పట్టుకుని చాపాడు. నెల రోజుల ఆకలి తీరింది. వాసుకి గీకాక మిగతావాళ్ళకి గీకకపోతే బాగుంటుందా? మర్నాడు ఒకరికి కూలరు, ఒకరికి టీవీ, ఎవరి బావమరిదికో ఇంజను సామాను. నెలాఖరుకి కార్డు మళ్ళీ మెడ దాకా నిండింది. డబ్బులు వచ్చే వారం వస్తాయి, గడువుకి ముందే కట్టేస్తాను, ఇంట్లో ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు. పద్మావతి చెప్పిందాన్ని వాడు విన్నాడు. కానీ విన్నది గుర్తు పెట్టుకోవడానికి డిగ్రీ సరిపోలేదు.

జూన్ మొదటి వారంలో బ్రాంచిలో పద్మావతి కంప్యూటరు చూసి, ఈసారి వాడితో మాట్లాడలేదు. మహేశ్వరితో మాట్లాడింది.

"ఏప్రిల్‌లో బాగా తగ్గిందమ్మా. మే నెల మధ్య లెక్కకి కూడా బానే ఉంది. నెలాఖరు లెక్కలో మళ్ళీ నిండా కనబడుతోంది. నేను చెయ్యగలిగిందేం లేదు."

"రేపే కట్టేస్తాను మేడమ్," అన్నాడు వాడు.

"కట్టండి. తర్వాతి లెక్కకి కనబడుతుంది."

తర్వాతి లెక్క వేట తెరిచాక. మహేశ్వరి కుర్చీలోంచి లేచింది. బయటికి వచ్చి ఆటో ఎక్కింది. వాడు పక్కన ఎక్కబోతే, "నువ్వు బస్సులో రా మావా. సూట్‌కేసుకి సెక్రాలున్నాయిగా, దాని మీద కూకోని వచ్చినా సరే" అంది.

వేట తెరిచిన నాలుగో రోజు పొద్దున్న వాసు ఇంటి ముందు ట్రాలీ ఆటో నిలబడి ఉంది. ఐసు పెట్టె బిగించింది. ఎలమంచిలిది. ముందు చక్రం కింద నిమ్మకాయ ఇంకా నలగలేదు. అర్జునరావు మహేశ్వరికి అడ్వాన్సు ఫోన్లోనే తిప్పి పంపేశాడు.

గురునాథరావు పరిగెత్తుకుంటూ వెళ్ళాడు. "నీకు లోనెవుడిచ్చినాడ్రా?"

"బేంకోళ్ళే బావా. నాకూ ఓ కార్డుంది. బీరువాలో ఉంటాది. ఫోను రీచార్జి తప్ప దాన్ని గీకను."

"మరి నీ ఏసీ నాచేత ఎందుకు గీకించినావు?"

"నా దాని మీద గీకితే నిండిపోద్ది కదేటి. లోను కావాలంటే కార్డు ఖాళీగా కనబడాలని షోరూం కుర్రోడు ఎప్పుడో సెప్పినాడు."

"నాకెందుకు సెప్పలేదు?"

వాసు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకు సెప్పీదేటి బావా. తొంబై నాలుగు శాతమని పేటంతా ఫోను సూపించినోడివి నువ్వే కదా. సదూకున్నోడివి, నీకు తెలిసే సేత్తన్నావనుకున్నాను."

ఆ పూటే సీతాలు చుట్టకుదురు వెతుక్కుంది. మహేశ్వరి దాన్ని దాచేస్తే పాత చీర ముక్క చించి చుట్టుకుంది. బేసిన్‌లో నాలుగు చందువాలూ కాసిని నెత్తళ్ళూ వేసుకుని, ఒక చెయ్యి బేసిన్‌కీ ఒక చెయ్యి మెడకీ పెట్టుకుని లాసన్స్ బే వైపు ఎత్తు రోడ్డు ఎక్కింది. అల్లుడు గుమ్మంలో నిలబడి, "అత్తా, ఆటో సేసుకోని ఎల్లు, నాను డబ్బులిత్తాను" అన్నాడు.

"కార్డా, నోట్లా?" అంది సీతాలు. తల తిప్పలేదు. తిరగదు.

వాసు మాత్రం బండికి మైకు కట్టించాడు. "తాజా చేపలండీ" అని రికార్డు పెట్టి ఎంవీపీ కాలనీ అంతా తిరిగాడు. ఒక్క గేటు తెరుచుకోలేదు. అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు మైకు ఆపమన్నారు. ఒకావిడ బాల్కనీలోంచి వంగి, "సీతాలు వచ్చేస్తుంది బాబూ, మేం ఆమె దగ్గరే తీసుకుంటాం" అంది. మధ్యాహ్నానికి ఐసు నీళ్ళై రోడ్డు మీద కారింది. వంజరం చేపల కళ్ళు తెల్లబడ్డాయి. ఆ వారమంతా అంతే. బ్యాంకు దగ్గర వాసుకి ఏ వంకా లేదు. కాలనీలో మాత్రం వాడు ఎవరికీ ఎవడూ కాడు.

ఎనిమిదో నాటికి వాసు సీతాలు అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. వచ్చినప్పటి నుంచీ ఏసీ గురించి ఎవరూ ఎత్తకూడదన్నట్టు వాతావరణం మాట్లాడాడు.

"ఎండలు తగ్గినాయి పెద్దమ్మా."

"తగ్గినాయి. నీకు ముందే తగ్గినాయి," అంది సీతాలు.

వాసు గొంతు సవరించుకున్నాడు. "బండి నాది, వాడుకలు నీవి. రెండూ కలిపితే ఎలాగుంటాది? రోజుకింత నీకు ఇత్తాను."

సీతాలు కూతురి వైపు చూసింది. మహేశ్వరి అరుగు దిగి తమ్ముడి ఎదురుగా నిలబడింది.

"రోజుకింత కాదు. సగం సగం. అమ్మ ముందు సీట్లో కూకుంటాది, బేసిన్ ముట్టదు, దించీది నువ్వే. మైకు తీసీ."

"సగమంటే నాకు లోను కట్టడానికి..."

"మరైతే మైకు ఎట్టుకోని తిరుగు. ఏసీ డబ్బులు ఇంకా ఇయ్యలేదంట కదా మీ బావకి? అయి నా సేతిలో ఎట్టినాకే అమ్మ బండెక్కుతాది."

వాసు వాడికి అలవాటైన దారి వెతికాడు. గుమ్మంలో నిలబడ్డ గురునాథరావు వైపు చూశాడు. "బావా, నువ్వైనా అక్కకి సెప్పు."

గురునాథరావు నోరు తెరిచాడు. మహేశ్వరి వెనక్కి తిరగకుండానే అంది. "మావకి వాడకం తెలుసు గాని వాడుక తెల్దు. నువ్వు నాతో మాట్లాడు."

ఏసీ డబ్బులు మహేశ్వరి చేతిలో పడ్డాక, మూడో రోజు పొద్దున్న సీతాలు ముందు సీట్లో కూర్చుంది. బేసిన్ వెనక ఐసు మీద ఉంది. కాలనీలో మొదటి గేటు దగ్గర ఆమె పిలిచీ పిలవకముందే తలుపు తెరిచారు. మెడ తిప్పలేదు, మొత్తం మనిషే తిరిగి చేపల ధర చెప్పింది.

ఇంటికి తిరిగొస్తూ బండి పెదవాల్తేరు బంకు దగ్గర ఆగింది. ఆఫీసుకి వెళ్తున్న గురునాథరావు కూడా స్కూటరుకి పెట్రోలు కోసం అక్కడే లైన్లో ఉన్నాడు. వాసు కిందికి దిగి, నలుగురికీ వినబడేలా అన్నాడు.

"బావా, చిల్లర లేదు. డీజిలుకి నీ కార్డు ఓసారి గీకవేటి?"

గురునాథరావు ముఖం విచ్చుకుంది. చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్ళింది. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఆ పాత వైఖరితోనే చాపాడు.

పెన్ను.

పొద్దున్న చొక్కా ఇస్త్రీ చేసింది మహేశ్వరి. వాడు పెన్నుని తిప్పి చూశాడు, జేబు తడుముకున్నాడు, మళ్ళీ పెన్ను చూశాడు. బంకు కుర్రాడు పైపు పట్టుకుని నిలబడ్డాడు.

"దాంతో డీజిలు పోత్తారేటి అల్లుడూ," అంది సీతాలు సీట్లోంచి. రొంట్లోంచి నోట్లు తీసి వాసుకిచ్చింది. "సగం నీ లెక్కలో రాస్తన్నాను."